పనిముట్టుకు వివరణ వ్రాయుట

ప్రయోగశాలలో ఒక సీసాపై "ఆమ్లము" అని మాత్రమే వ్రాసియున్నచో దానిని వాడరాదని మనము విద్యార్థులకు బోధింతుము. అది ఏ ఆమ్లము, ఎంత గాఢత గలది అని చీటీ చెప్పవలెను. ఇంత సులభమైన నియమమును, నేడు కృత్రిమ మేధకు పనిముట్లు సమకూర్చువారు తరచుగా మరచుచున్నారు. ఆ లోపమునే ఇచ్చట పరిశీలింతము.

మొదట విషయమేమో చూతము. భాషా నమూనా తనంతట తాను ఒక సమాచార నిధిని తెరచి చూడలేదు. అందుకై దానికి కొన్ని పనిముట్లు ఇత్తురు. ఒకటి పట్టికలలో వెదకును. మరొకటి పత్రములలో వెదకును. ప్రశ్న వచ్చినపుడు ఏ పనిముట్టును పిలువవలెనో, దానికి ఏ విలువలు అందింపవలెనో నమూనాయే నిర్ణయించును. ఇట్లు పనిచేయుదానిని ఏజెంటు అందురు. పనిముట్టు లోపలి ప్రోగ్రాము సాధారణముగా దానికి కనబడదు. పేరు, వివరణ, అందింపవలసిన విలువల పట్టిక మాత్రమే కనబడును. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ ప్రకటించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌లో కూడ పద్ధతి ఇదియే. కాబట్టి వివరణయే ఆ సీసాపై చీటీ.

"జిల్లా సమాచారము వెదకును" అను వివరణను తీసికొందము. వాక్యము తప్పు కాదు. కాని దానివలన ప్రయోజనము అత్యల్పము. ఎట్లనగా, 2011 జనాభా లెక్కలలో శ్రీకాకుళం జిల్లా జనాభా 27,03,114. విజయనగరం జిల్లా జనాభా 23,44,474. తరువాత 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినది. పార్వతీపురం వైపు మండలములు, పాలకొండ వైపు మండలములు కలిసి పార్వతీపురం మన్యం జిల్లా అయినవి. రాజాం శ్రీకాకుళం జిల్లానుండి విజయనగరం జిల్లాలో చేరినది. ఇపుడొక విద్యార్థి, "నేటి శ్రీకాకుళం జిల్లా ప్రాంతములో 2011లో ఎందరు ఉండిరి?" అని అడిగెననుకొందము. పై వివరణను నమ్మిన ఏజెంటు 27,03,114 అని నిస్సంకోచముగా చెప్పవచ్చును. సంఖ్య సరియైనదే, జిల్లా మాత్రము పాతది. విద్యార్థికి అనుమానము కలుగుటకైనను ఆధారముండదు. ఈ కీడు చిన్నది కాదు.

నమూనాల తెలివి పెరిగినకొలది వివరణల అవసరము తగ్గునని కొందరి వాదము. ఇది నిలువదు. పట్టిక ఏ సరిహద్దులను అనుసరించినదో దానిని కూర్చినవారికి తెలియును. ఎక్కడను వ్రాయని సంగతిని ఎంత తెలివియైనను ఊహింపవచ్చును గాని నిశ్చయింపజాలదు.

ఆ వివరణను ఇట్లు మార్చి చూతము: "2011 జనాభా లెక్కలలోని జిల్లా మొత్తములను ఇచ్చును. సరిహద్దులు 2022 పునర్విభజనకు ముందటివి. నేటి జిల్లాల మొత్తములకు దీనిని వాడరాదు. మండలముల పట్టికనుండి కూడవలెను. జిల్లా పేరు తెలుగులో ఇయ్యవలెను. ఆ పేరు పట్టికలో లేనిచో 'పేరు దొరకలేదు' అని తెలుపును. జనాభా సున్న అని దాని అర్థము కాదు." ఎపుడు వాడవలెనో, ఎపుడు వాడరాదో, ఏ రూపమున అడుగవలెనో, ఏమి తిరిగి వచ్చునో అన్నియు ఇందు కలవు. చివరి మాట ముఖ్యమైనది. దొరకకపోవుట వేరు, లేకపోవుట వేరు.

మాటల సంగతియు కలదు. నాగావళికి లాంగుల్య యని మరొక పేరు. మనము "గెడ్డ" యనుదానిని ఇతర ప్రాంతములవారు "వాగు" అందురు. పత్రములో ఒక మాట, ప్రశ్నలో మరొక మాట ఉన్నచో, అక్షరములను పోల్చి వెదకు పనిముట్టు ఏమియు తేదు. అర్థమును పోల్చునది తేవచ్చును. తనది ఏ పద్ధతియో వివరణ చెప్పినచో, ఏజెంటు రెండు మాటలతోను అడిగి చూడగలదు.

దీనికి విరుద్ధమైన దోషము అతివిస్తరము. పనిముట్లన్నిటి వివరణలను నమూనా సాధారణముగా ఒకేమారు చదువవలసియుండును. "శక్తిమంతమైనది", "సమగ్రమైనది" అను పొగడ్తలు ఎంపికకు తోడ్పడవు, స్థలమును మాత్రము తినివేయును. రెండు పనిముట్ల వివరణలు ఒకేరీతిగా ఉన్నచో చిక్కు మరింత పెరుగును. భేదమేమో రెండింటిలోను చెప్పవలెను.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే పరీక్షింపవచ్చును. మూడు పనిముట్ల వివరణలను, పది ప్రశ్నలను ఇచ్చి, ఏ ప్రశ్నకు ఏది తగునో విద్యార్థులను విడివిడిగా వ్రాయుమనవలెను. జవాబులు కలియనిచోట విద్యార్థిని తప్పుపట్టుటకు ముందు వివరణను మరల చదువవలెను. చదివిన మనుష్యులకే తేలనిది యంత్రమునకు తేలునని ఆశింపరాదు. ఈ అభ్యాసమునకు యంత్రముతో పనిలేదు. నల్లబల్లయు సుద్దముక్కయు చాలును.