చెరిపిన పేర్లు, చేసిన సంతకాలు
(1968 నాటి ప్రాగ్ పౌర ప్రతిఘటన – దాని సాక్ష్య సాహిత్యం)

1968 ఆగస్టు 20 అర్ధరాత్రి సోవియట్ యూనియన్ నాయకత్వాన వార్సా కూటమి సేనలు చెకొస్లొవేకియా సరిహద్దులు దాటాయి. తెల్లవారేసరికి రాజధాని ప్రాగ్ వీధులు ట్యాంకులతో నిండిపోయాయి. ప్రతిఘటించవద్దని స్వదేశీ సైన్యానికి ఆదేశం అందింది. కనుక ఎదురు నిలిచే భారం నిరాయుధులైన పౌరుల మీదనే పడింది. రెండు మూడు రోజులలో నగరం రూపం మారిపోయింది. రహస్య స్థావరాల నుంచి వినిపిస్తున్న రేడియో పిలుపు మేరకు ప్రజలు వీధుల పేర్ల పలకలను ఊడదీశారు. ఇళ్ల నంబర్లను తొలగించారు. తలుపుల మీది పేర్లను చెరిపివేశారు. అరెస్టు చేయవలసినవారి జాబితాలతో వచ్చినవారికి నగరం దొరికింది గాని చిరునామా దొరకలేదు. ఊరి వెలుపల కొన్ని దారి పలకలు మాస్కోకు మాత్రమే దారి చూపాయి. కొన్ని గ్రామాలు తమ పేర్లు తీసివేసి, సంస్కరణోద్యమ నాయకుడు అలెగ్జాండర్ దుబ్చెక్ పేరు పెట్టుకున్నాయి.

ఈ ఉదంతాన్ని అహింసాయుత ప్రతిఘటనకు ఉదాహరణగా చరిత్రకారులు తరచు పేర్కొంటారు. సాహిత్య విమర్శ దృష్టితో చూస్తే ఇందులో మరొక ప్రశ్న ఉంది. పేరు ఎప్పుడు దాచాలి, ఎప్పుడు చెప్పాలి? ఆ ఏడు రోజుల నుంచి వెలువడిన ఛాయాచిత్రాలు, పత్రసంకలనాలు, నవల, వ్యాసం అన్నీ ఏదో ఒక రూపంలో ఈ ప్రశ్నకే సమాధానం వెదికాయి. ప్రపంచ ప్రజాభిప్రాయం ఎక్కడ విఫలమయిందో, ఎక్కడ ఫలించిందో తెలుసుకోవడానికి కూడా ఈ ప్రశ్నే తగిన ఆధారం.

ముందుగా గమనించవలసిన విషయం, పేరు దాచినవారు పౌరులు మాత్రమే కారు. ఆగస్టు 21న సోవియట్ వార్తాసంస్థ టాస్ విడుదల చేసిన ప్రకటన, చెకొస్లొవేకియా పార్టీ, ప్రభుత్వ నాయకులే సహాయం కోరారని చెప్పింది. ఆ నాయకులెవరో చెప్పలేదు. తామే పిలిచామని ముందుకు వచ్చినవారూ లేరు. తరువాత సోవియట్ పక్షం తన చర్యను సమర్థించుకుంటూ వెలువరించిన పుస్తకం మీద కూడా రచయితల పేర్లు లేవు. పాత్రికేయ బృందం అన్న సామూహిక నామం మాత్రమే ఉంది. దీనికి సమాధానంగా చెకొస్లొవేకియా విజ్ఞాన అకాడమీకి చెందిన చరిత్ర సంస్థ ‘ప్రాగ్‌లో ఏడు రోజులు’ అనే పత్రసంకలనాన్ని సిద్ధం చేసింది. లోకంలో అది ‘నల్లపుస్తకం’గా ప్రసిద్ధి పొందింది. ఆనాటి ప్రకటనలు, కరపత్రాలు, రేడియో సందేశాలు, పత్రికా వార్తలు అందులో రోజువారీగా అమర్చబడ్డాయి. వ్యాఖ్యానం తక్కువ, దస్తావేజు ఎక్కువ. ఆ నిగ్రహమే దాని బలం.

ఆ ఏడు రోజుల గోడరాతలలో సాహిత్యపు విలువ గలవి అనేకం ఉన్నాయి. లెనిన్‌ను నిద్ర లేవమని పిలిచి, బ్రెజ్నెవ్‌కు మతి తప్పిందని ఆయనకే ఫిర్యాదు చేసిన రాత దేశదేశాలలో ప్రచారం పొందింది. ఇందులోని చమత్కారం కేవలం హాస్యం కాదు. దాడి చేసినవాని ఇలవేల్పునే సాక్షిగా నిలబెట్టడం గొప్ప వాదనాశిల్పం. మరొక విశేషమేమంటే, ఈ రాతలలో పెక్కు రష్యన్ భాషలో ఉన్నాయి. అవి లోకాన్ని ఉద్దేశించినవి కావు. ట్యాంకు మీద కూర్చున్న కుర్ర సైనికుని ఉద్దేశించినవి. బడిలో తప్పనిసరిగా నేర్చుకున్న రష్యన్‌తోనే పౌరులు ఆ సైనికులను, ఎందుకు వచ్చారని నిలదీశారు. లోకం ఆ సంభాషణను పక్కనుంచి విన్నది. అందుకే అది లోకాన్ని కదిలించింది.

ఆ సంభాషణను కంటితో పట్టుకున్నవాడు యోసెఫ్ కౌదెల్కా. రొమేనియాలో జిప్సీల జీవితాన్ని చిత్రించి, దండయాత్రకు ఒక రోజు ముందే ఆయన ప్రాగ్‌కు తిరిగి వచ్చాడు. వార్తా ఛాయాగ్రహణం ఆయన వృత్తి కాదు. ముందుకు చాచిన చేతి గడియారం, దాని వెనుక ఖాళీగా ఉన్న ప్రధాన వీధి కనిపించే చిత్రం ఈ పరంపరలో సుప్రసిద్ధం. అందులో శవం లేదు, రక్తం లేదు. కాలం మాత్రమే సాక్ష్యం చెబుతుంది. ఈ చిత్రాలు రహస్యంగా దేశం దాటి, దండయాత్ర మొదటి వార్షికోత్సవ సమయాన, 1969లో, విదేశీ పత్రికలలో అచ్చయ్యాయి. ఛాయాగ్రాహకుని పేరుండవలసిన చోట ‘ప్రాగ్ ఫొటోగ్రాఫర్’ అన్న అర్థం వచ్చే పొడి అక్షరాలు మాత్రమే ఉన్నాయి. ఆ ఏడాది రాబర్ట్ కాపా స్వర్ణపతకం కూడా అజ్ఞాత చెక్ ఛాయాగ్రాహకునికే ప్రకటించబడింది. 1970లో ఆయన దేశం విడిచాడు. స్వదేశంలో మిగిలిన కుటుంబానికి ముప్పు రాకూడదని మౌనం కొనసాగించి, తండ్రి మరణించిన తరువాత, 1984లో గాని ఆ చిత్రాలు తనవని చెప్పలేదు. పదహారేళ్లపాటు కీర్తిని వదులుకోవడం చిన్న త్యాగం కాదు.

అదే 1984లో వెలువడిన మిలాన్ కుందేరా నవల ‘అన్‌బేరబుల్ లైట్‌నెస్ ఆఫ్ బీయింగ్’ ఈ సాక్ష్యానికి రెండవ ముఖాన్ని చూపింది. అందులో తెరెజా అనే యువతి ఆ ఏడు రోజులూ వీధులలో చిత్రాలు తీసి విదేశీ విలేకరులకు అందజేస్తుంది. తరువాత స్విట్జర్లాండుకు వలస వెళ్లి ఒక పత్రికా కార్యాలయంలో అవే చిత్రాలు చూపితే, బాగున్నాయి గాని వాటికి ఇప్పుడు సందర్భం లేదన్న సమాధానం వస్తుంది. పువ్వులనో కాక్టస్ మొక్కలనో చిత్రించమని సలహా దొరుకుతుంది. దేశం ఆక్రమణలోనే ఉంది. లోకపు శ్రద్ధ మాత్రం ముగిసిపోయింది. ప్రపంచ ప్రజాభిప్రాయపు చంచలత్వాన్ని ఇంత తక్కువ మాటలలో, ఇంత కటువుగా చెప్పిన సన్నివేశాలు అరుదు.

అంతకంటె తీవ్రమైన దెబ్బ తరువాత తగులుతుంది. విదేశాలలో అచ్చయిన ఆ చిత్రాల ఆధారంగానే పోలీసులు నిరసనకారుల ముఖాలను గుర్తుపట్టారని తెరెజాకు తెలుస్తుంది. దేశం కోసం ప్రాణాలకు తెగించి తీసిన చిత్రం తోటివారి మీద నేరారోపణ పత్రమయింది. వీధి పేరు చెరిపినవారు తమ ముఖాన్ని చెరపలేకపోయారు. సాక్ష్యమిచ్చే ప్రతి కళాకారుడూ ఎదుర్కొనవలసిన ధర్మసంకటమిది.

అయితే కుందేరా తీర్పును పూర్తిగా అంగీకరించడం కష్టం. ఆ వారాన్ని ఆయన కథకుడు మత్తెక్కిన ద్వేషపు ఉత్సవంగా చూస్తాడు. దానికి ముగింపు అవమానమేనని సూచిస్తాడు. వీధి నుంచి వలసకు సాగిన ఆయన చూపు, వీధి నుంచి చెరసాలకు సాగిన దారిని తగినంతగా పట్టించుకోలేదు. చిత్రం పోలీసులకు ఉపయోగపడిందన్నది నిజమే. కాని ఆ చిత్రం లేకపోతే టాస్ ప్రకటన ఒక్కటే చరిత్రగా మిగిలేదన్నది కూడా నిజం. నవల మొదటి నిజాన్ని అద్భుతంగా చెప్పింది.

అధికారిక స్థాయిలో లోకం చేసినదేమిటి? భద్రతామండలిలో దాడిని ఖండించే తీర్మానానికి పది దేశాలు అనుకూలంగా ఓటు వేశాయి. సోవియట్ యూనియన్, హంగరీ వ్యతిరేకించాయి. అల్జీరియా, పాకిస్తాన్‌లతో పాటు భారతదేశం తటస్థంగా ఉంది. సోవియట్ వీటోతో తీర్మానం వీగిపోయింది. భారత ప్రభుత్వం ఆవేదన ప్రకటించినా ‘ఖండన’ అన్న మాటకు సమ్మతించలేదు. ఈ వైఖరితో విభేదించి కేంద్రమంత్రి అశోక్ మెహతా పదవికి రాజీనామా చేశారు. ఆగస్టు 24న చెకొస్లొవేకియా విదేశాంగమంత్రి యిర్జీ హాయెక్ భద్రతామండలి ముందు నిలిచి తన దేశం ఎవరినీ పిలవలేదని స్పష్టం చేశాడు. ఇంతలో మాస్కోకు తరలించబడిన నాయకులు ఆగస్టు 26న ఒక ఒప్పందం మీద సంతకాలు చేశారు. ఆ మరునాడే, ఈ విషయాన్ని చర్చనుంచి తొలగించమని చెకొస్లొవేకియా పక్షానే మండలికి విజ్ఞప్తి వెళ్లింది. బాధితుడే ఫిర్యాదు వెనక్కు తీసుకున్నాక ప్రపంచ ప్రజాభిప్రాయానికి నిలబడే చోటు లేకపోయింది.

బలవంతపు సంతకం ఎంత పని చేయగలదో దీనివల్ల తెలుస్తుంది. ఆ బృందంలో ఒకే ఒకరు, ఫ్రాంటిషెక్ క్రీగెల్, సంతకానికి నిరాకరించాడు. విదేశీ సేనల నివాసాన్ని చట్టబద్ధం చేసే ఒప్పందం అక్టోబరులో జాతీయసభ ముందుకు వచ్చినపుడు వ్యతిరేకించిన నలుగురిలోనూ ఆయన ఉన్నాడు.

మాస్కోలోనే మరొక సమాధానం పుట్టింది. ఆగస్టు 25 మధ్యాహ్నం రెడ్ స్క్వేర్‌లో ఎనిమిదిమంది కూర్చొని నిరసన బ్యానర్లు విప్పారు. కొద్ది నిమిషాలలోనే వారిని పట్టుకుపోయారు. వారిలో ఒకరైన కవయిత్రి నతాలియా గోర్బనేవ్‌స్కయా పసిబిడ్డను తోపుడుబండిలో వెంట తెచ్చుకున్నది. ఆమె తరువాత విచారణ పత్రాలను, సాక్ష్యాలను కూర్చి ‘మధ్యాహ్నం’ అనే గ్రంథం తయారుచేసింది. అలంకారాలు లేని ఈ దస్తావేజులో ఒక చిన్న విషయం ఈ చర్చకంతటికీ కీలకం. బృందంలోని పిన్నవయస్కురాలిని, తాను యాదృచ్ఛికంగా అక్కడ ఉన్నానని చెప్పమని మిగిలినవారు ఒప్పించారు. తమ పేర్లు వారు దాచుకోలేదు. ఆమెను మాత్రం కాపాడారు. ప్రాగ్ పౌరులు పలకలు ఊడదీసినది కూడా ఇరుగుపొరుగువారిని కాపాడడానికే. తన పేరు తాను చెప్పుకోవడం, పరుల పేరు దాచడం: పౌర ప్రతిఘటన నీతి ఇంతే. దండెత్తినవారి రీతి దీనికి తలకిందులు. వారు తమను పిలిచినవారి పేర్లు దాచి, పరుల పేర్ల జాబితాతో వచ్చారు.

1969 ఏప్రిల్‌లో దుబ్చెక్ స్థానంలోకి గుస్తావ్ హుసాక్ వచ్చాడు. ఆ తరువాతి మౌనయుగానికి వాత్స్లావ్ హావెల్ 1978 నాటి వ్యాసం ‘అశక్తుల శక్తి’ సాటిలేని భాష్యం. దండయాత్ర రోజులలో లిబెరెత్స్ పట్టణపు రేడియోలో పనిచేసిన ఈ నాటకకర్త, పదేళ్ల తరువాత ఒక కూరగాయల అంగడిని ఉదాహరణగా తీసుకున్నాడు. అంగడివాడు ఉల్లిపాయల, క్యారెట్ల మధ్య ప్రభుత్వ నినాదపు పలకను నిలబెడతాడు. అందులోని అర్థం మీద అతనికి నమ్మకం లేదు. అడగకుండా ఉండేందుకే ఆ పలక. 1968లో పలకలు ఊడదీసిన నగరమే ఇప్పుడు పలకలు తగిలిస్తోంది. ఈ రెండు దృశ్యాలను పక్కపక్కన పెట్టి చదివితే గాని ఆ వ్యాసపు వేదన పూర్తిగా బోధపడదు. భయం ఆనాడూ ఉన్నది. అది ఆనాడు పొరుగువానిని కాపాడింది. ఈనాడు తననుతాను మాత్రమే కాపాడుకుంటోంది.

ఈ మౌనాన్ని ఛేదించినది మళ్లీ సంతకమే. 1977 జనవరిలో వెలువడిన ‘చార్టర్ 77’ మీద మొదట రెండువందల నలభైకి పైగా పేర్లున్నాయి. అది లోకపు సానుభూతిని అడగలేదు. 1975 హెల్సింకి ఒడంబడికలోను, మానవహక్కుల ఒప్పందాలలోను ప్రభుత్వం చేసిన సంతకాన్ని నిలబెట్టుకోమని మాత్రమే అడిగింది. హావెల్, తత్త్వవేత్త యాన్ పాతోచ్కాలతో పాటు దాని తొలి ప్రతినిధిగా నిలిచినవాడు ఆనాడు భద్రతామండలిలో మాట్లాడిన హాయెక్. క్రీగెల్ కూడా సంతకం చేశాడు. సుదీర్ఘ విచారణల అనంతరం పాతోచ్కా ఆ మార్చిలోనే మరణించాడు. 1968లో ప్రజాభిప్రాయం ఒక ఉద్వేగం. అది వారాలలో చల్లారింది. 1977 తరువాత అది ఒక జ్ఞాపకపత్రం. ఫలానా మనిషి ఏ జైలులో ఉన్నాడని పేరుపెట్టి అడగడానికి దూరదేశాల పాఠకులకు అవకాశం కలిగింది.

భారతీయ పాఠకులకు ఈ విచారం కొత్తది కాదు. ఉప్పు సత్యాగ్రహానికి ముందు, 1930 మార్చిలో, గాంధీజీ తన ఉద్దేశాన్ని వైస్రాయికి లేఖ ద్వారా తెలియజేశారు. 1942లో బొంబాయి నుంచి ఉషా మెహతా బృందం రహస్య కాంగ్రెస్ రేడియో నడిపింది. 1944లో విడుదలైన తరువాత గాంధీజీ అజ్ఞాతంలో ఉన్నవారిని బయటికి రమ్మని సలహా ఇచ్చారు. రహస్యం, ప్రకటన అనే రెండు మార్గాల మధ్య ఘర్షణ ఇక్కడా జరిగింది. 1960లలో ఏళ్లతరబడి ప్రాగ్‌లో నివసించి చెక్ రచనలను నేరుగా హిందీలోకి అనువదించిన నిర్మల్ వర్మ ఆ లోకానికీ ఈ లోకానికీ వంతెన కట్టారు.

1989 డిసెంబరులో, దాడిలో పాల్గొన్న అయిదు దేశాల నాయకులు అది అక్రమ జోక్యమని అంగీకరించారు. 1991 జూన్‌లో చివరి సోవియట్ సైనికులు వెళ్లిపోయారు. 1992లో, ఆనాటి ఆహ్వానపత్రం రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్ నుంచి అప్పటికి దేశాధ్యక్షుడైన హావెల్‌కు అందింది. దాని అడుగున అయిదు సంతకాలున్నాయి. ఇరవై నాలుగేళ్లు దాచిన పేర్లు అవి. కౌదెల్కా దాచిన పేరు బయటపడినపుడు అది గౌరవమయింది. ఈ పేర్లు బయటపడినపుడు అపకీర్తి అయ్యాయి. దాచినది ఎవరిని కాపాడడానికి అన్నదే ఆ తేడా.