జట్టు గుట్టు

ఆటగాళ్ల ఆత్మకథలంటే మనలో చాలామందికి ఆమడ దూరం. "మనకెందుకులే" అని మగవాళ్ల అలమరాలోకి తోసేస్తాం. అందులోనూ ఆ ఆట పేరైనా వినకపోతే ఇంక చెప్పనే అక్కర్లేదు. అలాంటిది, ఎక్కడో ఐర్లండులో ఆడే గేలిక్ ఫుట్‌బాలులో ఒక జట్టును నడిపించిన మేనేజరు రాసుకున్న పుస్తకం గురించి ఈ వారం చెప్పబోతున్నాను. పేజీ తిప్పేయకండి. ఇందులో బంతి కంటే మనుషులే ఎక్కువ. పదిమందిని ఒక్క మాట మీద నిలబెట్టడం ఎంత కష్టమో, అలా నిలబెట్టడంలో ఎవరికో ఒకరికి ఎంత అన్యాయం జరిగిపోతుందో సంసారం నడిపే వాళ్లకి వేరే చెప్పాలా?

పుస్తకం పేరు 'అన్‌టిల్ విక్టరీ ఆల్వేస్'. విజయం దాకా, ఎప్పటికీ అని చెప్పుకోవచ్చు. చే గెవారా నినాదం నుంచి తీసుకున్న పేరు. రాసినాయన జిమ్ మెక్‌గిన్నిస్. కీత్ డుగ్గన్ అనే పత్రికా రచయిత ఆయనకు రాతలో తోడు నిలిచాడు. 2015లో అచ్చయింది.

ముందు ఆట సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. జట్టుకి పదిహేను మంది. బంతిని చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నొచ్చు. గోలు స్తంభాలు ఇంగ్లీషు 'హెచ్' అక్షరంలా ఉంటాయి. అడ్డకమ్మీ కింద నుంచి బంతి వలలో పడితే గోలు, అంటే మూడు పాయింట్లు. పైనుంచి పోతే ఒక పాయింటు. 2025 ముందు వరకూ అంతే లెక్క. అసలు విశేషం వేరే ఉంది. ఈ ఆట నడిపే సంఘం 1884లో పుట్టింది. దేశమంతటికీ పెద్ద పండగ ఇదే. డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ మైదానంలో 82,000 మందికి పైగా చూస్తారు. అయినా ఆడేవాళ్లకి జీతం లేదు! పొద్దున్న బడిలో పాఠాలు చెప్పేవాడు, స్టేషన్లో డ్యూటీ చేసే పోలీసు, ఇళ్లు కట్టే మేస్త్రీ, వీళ్లే సాయంకాలం వానలో బురదలో సాధన చేస్తారు. ఎవరి కౌంటీకి వాళ్లు ఆడాలి. పొరుగు కౌంటీ నుంచి డబ్బు పోసి మంచి ఆటగాణ్ణి కొనుక్కొచ్చే పద్ధతి లేదు.

ఇది మనసులో పెట్టుకుంటే తప్ప ఈ పుస్తకం అర్థం కాదు. జీతం ఇచ్చే యజమాని జీతం కోస్తానని బెదిరించవచ్చు, బోనసు ఇస్తానని ఊరించవచ్చు. ఇక్కడి మేనేజరు చేతిలో ఆ రెండూ లేవు. ఉన్నదల్లా ఒక్క మాట. ఆ మాట మీద నమ్మకం కుదిరితే కుర్రాళ్లు వస్తారు, లేకపోతే ఇంట్లో పొయ్యి దగ్గర వెచ్చగా కూర్చుంటారు. ఇల్లాలి పెత్తనం కూడా ఇలాంటిదే కదా అనిపించింది నాకు. హోదా ఏమీ ఉండదు, జీతం ఉండదు, అయినా ఇల్లంతా ఆవిడ మాట మీదే నడవాలి.

మెక్‌గిన్నిస్‌ది డొనెగాల్ కౌంటీ. ఐర్లండుకి వాయవ్య మూల, అట్లాంటిక్ సముద్రం ఒడ్డున ఉంటుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడి జనం సుమారు 1,61,000. అదే డబ్లిన్ కౌంటీలో 12,70,000 పైచిలుకు. పోటీ ఎంత ఎగుడుదిగుడో చూడండి! ఆయన ఊరు గ్లెంటీస్. నాటకాల మీద ఆసక్తి ఉన్నవాళ్లకి ఈ ఊరు వేరే దారిలో తెలిసి ఉండవచ్చు. బ్రయన్ ఫ్రీల్ రాసిన అయిదుగురు అక్కచెల్లెళ్ల నాటకం, 'డాన్సింగ్ ఎట్ లూనసా', ఆ ఊళ్లోని ఆయన తల్లి అక్కచెల్లెళ్ల జ్ఞాపకాల్లోంచి పుట్టిందే.

ఆటల పుస్తకమనుకుని తెరిస్తే ఇందులో మనల్ని పట్టి కూచోబెట్టేది చావు. 1986లో జిమ్ ఇంకా బడికి వెళ్లే పిల్లవాడు. పదహారేళ్ల అన్న చార్లెస్ గుండె ఆగి హఠాత్తుగా పోయాడు. పన్నెండేళ్ల తరవాత, 1998లో, ఇంకో అన్నదమ్ముడు మార్క్ జిమ్‌ని విమానాశ్రయానికి దిగబెట్టడానికి కారు నడుపుతూ ప్రమాదంలో పోయాడు. జిమ్ ఆ కారులోనే ఉన్నాడు. ఒకే ఇంట్లో ఇద్దరు కొడుకులు! ఆ తల్లి గురించి తలుచుకుంటే పుస్తకం మూసి కాసేపు ఊరుకోవాలనిపిస్తుంది. పుస్తకం మొత్తంలో నాకు బాగా నచ్చినవి ఈ భాగాలే. ఆట గెలిచిన రోజుల కంటే ఈ రోజుల గురించి చెప్పేటప్పుడే ఆయన మనకు దగ్గరవుతాడు.

నాయకత్వం గురించి పుస్తకం చెప్పే మొదటి సంగతి కూడా ఇక్కడే దొరుకుతుందని నా ఉద్దేశం. చదువు మధ్యలో వదిలేసిన కుర్రాడు పెద్దయ్యాక మళ్లీ పుస్తకం పట్టాడు. ట్రలీలో, ఆ తరవాత అల్‌స్టర్ విశ్వవిద్యాలయంలో చదివి, లివర్‌పూల్లో క్రీడల మనస్తత్వ శాస్త్రంలో పై డిగ్రీ పుచ్చుకున్నాడు. మనిషి భయాన్ని ఎలా దాటుతాడు, నలుగురు ఒక్కటెలా అవుతారు అన్నది ఆయనకి పరీక్ష కోసం చదివిన పాఠం కాదు. పోయిన అన్నదమ్ముల చోట ఒక జట్టును నిలుపుకున్నాడేమో అని నాకు తోచింది. అందుకే ఆయన జట్టు గురించి చెప్పేటప్పుడు మాటిమాటికీ ఒక కుటుంబం గురించి చెప్తున్నట్టే ఉంటుంది. కుటుంబం అన్నాక ప్రేమతో పాటు కట్టడి కూడా ఉంటుంది మరి.

డొనెగాల్ 1992లో మొట్టమొదటిసారి అఖిల ఐర్లండు కప్పు గెలిచింది. అప్పుడు పంతొమ్మిదేళ్ల జిమ్ ఆ బృందంలో ఉన్నాడు. ఆ తరవాత పద్దెనిమిదేళ్లు అల్‌స్టర్ ప్రాంతీయ కప్పయినా దక్కలేదు. 2010లో ఆయన మేనేజరయ్యేనాటికి ఆ జట్టంటే ఎవరికీ లెక్కలేదు. ఆయన చేసిన మొదటి పని ఏమిటంటే, ఓడిపోకుండా చూసుకోవడం. కుండ కారుతుంటే ముందు చిల్లు మూయాలి గానీ బిందెలకొద్దీ నీళ్లు తెచ్చి పోస్తే లాభమేమిటి? దాదాపు జట్టు మొత్తాన్నీ వెనక్కి రప్పించి తమ గోలు ముందు కోట కట్టించాడు. బంతి దొరకగానే అందరూ ఒక్కసారిగా ముందుకు ఉరకాలి. దీనికి ఎంత ఒళ్లు వంచాలో ఊహించుకోండి.

2011లో అల్‌స్టర్ కప్పు గెలిచారు. సెమీఫైనల్లో డబ్లిన్‌తో ఆడి 8-6 తేడాతో ఓడారు. మామూలుగా రెండంకెల్లో ఉండే పాయింట్లు ఆ రోజు అంతకి పడిపోయాయి. చూడ్డానికి వచ్చినవాళ్లు విసుక్కున్నారు. టీవీలో వ్యాఖ్యాతలు దుమ్మెత్తి పోశారు. ఆటని చంపేశాడన్నారు. ఇలాంటప్పుడు నాయకుడు చేసే పొరపాట్లు రెండు రకాలు. మాట పడలేక పద్ధతి మార్చేసుకోవడం ఒకటి, మొండితనంతో ఉన్నచోటనే ఉండిపోవడం రెండోది. మెక్‌గిన్నిస్ ఈ రెండూ చెయ్యలేదు. చిల్లు మూశాక నీళ్లు పొయ్యడం మొదలుపెట్టాడు. కోట అలాగే ఉంచి దాడికి పదును పెట్టాడు. 2012లో మళ్లీ అల్‌స్టర్ గెలిచి, కెర్రీని, కార్క్‌ని దాటి ఫైనల్‌కి వచ్చారు. మేయో మీద మొదటి పదకొండు నిమిషాల్లోనే రెండు గోళ్లు కొట్టి, 17-13 పాయింట్లతో గెలిచారు. ఇరవయ్యేళ్ల తరవాత ఆ మారుమూల కౌంటీకి కప్పు వచ్చింది. ఈ అధ్యాయాలు చదువుతుంటే ఆట రానివాళ్లకి కూడా గుండె దడదడలాడుతుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. ఈ రెండేళ్ల మధ్యలో జరిగిన ఇంకో సంగతి దగ్గర మాత్రం నేను ఆగిపోయాను.

కెవిన్ కాసిడీ అని ఒక ఆటగాడు. వృత్తి రీత్యా ఉపాధ్యాయుడు. 2002 నుంచీ డొనెగాల్‌కి ఆడుతున్నవాడు. 2011 క్వార్టర్ ఫైనల్లో కిల్‌డేర్ మీద అదనపు సమయంలో, చివరి ఘడియల్లో, దూరం నుంచి తన్ని గెలుపు పాయింటు తెచ్చినవాడు అతనే. ఆ ఏడాది దేశంలోని మేటి ఆటగాళ్ల బృందంలో అతని పేరుంది. అదే ఏడాది డెక్లన్ బోగ్ అనే పత్రికా రచయిత 'దిస్ ఈజ్ అవర్ ఇయర్' అని ఒక పుస్తకం తెచ్చాడు. అల్‌స్టర్ ఆటగాళ్ల ఏడాది అనుభవాలు అందులో ఉన్నాయి. కాసిడీ కూడా మాట్లాడాడు. జట్టు లోపలి ముచ్చట్లు, పథకాలు కొన్ని బయటపడ్డాయి. మెక్‌గిన్నిస్ అతన్ని జట్టులోంచి తీసేశాడు. అంతే, మళ్లీ పిలుపు లేదు. మరుసటి ఏడాది కప్పు వచ్చేనాటికి కాసిడీ మైదానంలో లేడు.

ఇంటి గుట్టు లంకకు చేటు అని మనకో సామెత ఉంది. మేనేజరు వాదన అదే. నా దగ్గర ఉన్నదల్లా నమ్మకం, అది ఒకచోట చిట్లితే గోడంతా కూలుతుందంటాడు. కాదనలేం. జీతాలు లేనిచోట నమ్మకమే జీతమని మనమూ ఇందాకే అనుకున్నాం. ముప్ఫై మంది కుర్రాళ్లు నోరు మూసుకుని ఉన్నప్పుడు ఒకడు నోరు విప్పితే మిగతా వాళ్లకి ఏమని సమాధానం చెప్పాలి?

అయినా నా మనసు ఒప్పుకోలేదు. కాసిడీ విభీషణుడిలా అవతలి పక్షానికి పోలేదు. పుస్తకం రాసుకునే మనిషితో మాట్లాడాడు, అంతే. ఉమ్మడి కుటుంబాల్లో పెరిగినవాళ్లకి ఈ తంతు తెలుసు. కోడలు పక్కింటావిడతో ఏదో ఒక మాట అంటుంది. అది తిరిగి తిరిగి పెద్దావిడ చెవిన పడుతుంది. కోప్పడే పెద్దావిడా ఉంటుంది, నాలుగు రోజులు మాట మానేసే పెద్దావిడా ఉంటుంది. ఆ కోడల్ని జన్మకి గడప తొక్కనివ్వని పెద్దావిడ మాత్రం ఇల్లు నిలబెట్టినట్టా, పడగొట్టినట్టా? పదేళ్ల చాకిరీని ఒక్క తప్పుతో తూచవచ్చా?

కోపం అక్కడితో ఆగలేదు కూడా. 2012లో కప్పు గెలిచిన రోజున, పత్రికల వాళ్ల సమావేశంలో, ఆ పుస్తకం రాసిన బోగ్ గదిలోంచి వెళ్తేగానీ నోరు విప్పనని కూర్చున్నాడు మెక్‌గిన్నిస్. బోగ్ వెళ్లిపోయాకనే మాట్లాడాడు. జీవితంలో అంత గొప్ప రోజున, అంత పెద్ద గెలుపు చేతిలో ఉండగా, ఒక్క విలేకరి మీద కోపం దిగమింగుకోలేకపోయాడంటే జాలేస్తుంది. "గెలిచాడుగా, కాబట్టి చేసింది రైటే" అనేవాళ్లున్నారు. కాసిడీ ఉంటే ఓడేవారని ఎవరు చెప్పగలరు? గెలుపు చాలా తప్పుల మీద సున్నం కొట్టేస్తుంది.

అన్నిటికంటే చిత్రమైన సంగతి ఈ పుస్తకమే. జట్టు గుట్టు బయటపెట్టాడని ఒక మనిషిని పంపేసిన నాయకుడు, నాలుగేళ్లు తిరక్కుండా అదే జట్టు గురించి తనే పుస్తకం రాశాడు! న్యాయంగా చెప్పాలంటే రెండింటికీ తేడా లేకపోలేదు. ఆయన 2014లో పదవి వదిలేశాక రాశాడు. కాసిడీ మాట్లాడినప్పుడు ఆ యుద్ధం ఇంకా నడుస్తోంది. సరే, ఆ తేడా ఒప్పుకుందాం. కానీ కథ చెప్పుకోవాలనే కోరిక మనిషికి ఎంత సహజమో రాసేటప్పుడు ఆయనకీ తెలిసే ఉండాలి. ఆ కోరికకే కదా కాసిడీ శిక్ష అనుభవించింది! ఆత్మకథ కాబట్టి ఆ ఉదంతం ఆయన కంటితోనే కనిపిస్తుంది. అవతలి మనిషి చలికాలమంతా ఏమనుకుంటూ గడిపాడో చదివేవాళ్లు ఊహించుకోవాల్సిందే. పుస్తకంలో నాకు కనిపించిన పెద్ద వెలితి ఇది. ఇంకో వెలితి కూడా చెప్పేస్తాను. సాయంత్రమయ్యేసరికి ఆటకి పోయే ఈ ముప్ఫై మంది వెనక ముప్ఫై ఇళ్లున్నాయి. పిల్లల్ని పడుకోబెట్టి, బురద బట్టలు ఉతికి, వాళ్ల రాక కోసం కూర్చున్న ఆడవాళ్ల గురించి ఇంకా తెలుసుకోవాలనిపించింది.

ఆ తరవాతి కథ క్లుప్తంగా చెప్తాను. 2013లో మేయో చేతిలో 29-13 తేడాతో చిత్తుగా ఓడారు. 2014లో ఎదురులేదనుకున్న డబ్లిన్‌ని సెమీఫైనల్లో ఓడించి, ఫైనల్లో కెర్రీకి మూడు పాయింట్ల దూరంలో ఆగిపోయారు. ఓటమి గురించి రాసిన పేజీల్లో ఆయన ఎక్కువ నిజంగా వినిపిస్తాడు. గెలిచినప్పుడు అంతా తన పథకం లాగే కనిపిస్తుంది. ఓడినప్పుడు మాత్రం కుర్రాళ్లు అలిసిపోయిన మనుషులుగా కళ్లకి కడతారు. ఆ చూపు 2011లోనే కొంచెం ఉంటే ఎంత బాగుండేదో!

పుస్తకం వచ్చాక కూడా కథ నడిచింది. 2018లో కాసిడీ తన సొంత ఊరు గీడోర్ క్లబ్బు తరఫున ఆడి, అల్‌స్టర్ క్లబ్బుల కప్పు గెలిచాడు. మెక్‌గిన్నిస్ 2023లో మళ్లీ డొనెగాల్ మేనేజరుగా వచ్చి, 2024లో, 2025లో అల్‌స్టర్ కప్పులు తెచ్చాడు. 2025లో ఆట నిబంధనలు మార్చారు. ప్రతి జట్టూ కనీసం ముగ్గుర్ని ఎదుటి సగంలోనే ఉంచాలన్నారు. అందరినీ వెనక్కి పిలిచి కోట కట్టే పాత పద్ధతికి అక్కడితో నూకలు చెల్లాయి. అయినా ఆ ఏడాది ఆయన జట్టు ఫైనల్ దాకా వెళ్లి కెర్రీ చేతిలోనే ఓడింది. అంటే ఆయన తెలివి ఒక్క ఎత్తుగడకి కట్టుబడినది కాదన్నమాట. మనుషుల్ని కూడగట్టడం ఆయనకి నిజంగా తెలుసు.

అందుకే ఈ పుస్తకం చదవమంటాను. అచ్చు దేవుడిలాంటి నాయకుడి కథ అయితే దండం పెట్టి పక్కన పెట్టేయవచ్చు. ఇది అలాంటిది కాదు. ఇద్దరు అన్నదమ్ముల్ని పోగొట్టుకున్న మనిషి, ముప్ఫై మందిని తమ్ముళ్లలా దగ్గరికి తీసుకున్న మనిషి, వాళ్లలో ఒకణ్ణి మాత్రం క్షమించలేకపోయాడు. చదివి మీ ఇంట్లోవాళ్లకి కూడా ఇవ్వండి. కాసిడీని తీసెయ్యడం న్యాయమా అని భోజనాల దగ్గర అడిగి చూడండి. మా ఇంట్లో రెండు పక్షాలయ్యాయి. నేను మాత్రం కాసిడీ వైపే.