భుజం మీది ఇంటిపేరు

మా పల్నాట్లో కొత్త మనిషి కనబడితే ఊరు అడిగాక రెండో ప్రశ్న "ఏ ఇంటోళ్లు?" అనే. రెంటచింతల పల్లెల్లో ఏఎన్ఎంగా తిరిగినన్నాళ్లూ పసిబిడ్డల ఎడమ భుజాన నేను వేసింది ఒక పరాయి ఇంటిపేరే. క్షయ టీకా బీసీజీలో 'సీ' అంటే దాన్ని తయారుచేసిన కాల్మెట్. 'జీ' ఆయన తోటివాడు గెరాన్.

సూది వాలు పైకి ఉండేట్టు పట్టి, చర్మానికి దాదాపు ఆనించి గుచ్చాలి. నెలలోపు బిడ్డకు 0.05 మిల్లీలీటరే. మందు చర్మం దాటి లోపలికి పోకూడదు. సరిగ్గా పడితే నారింజ తొక్కలా తెల్లటి బుడిపె లేస్తుంది. మొదటి నెలల్లో నాకది సరిగా లేచేది కాదు. బిడ్డకు గడ్డ కట్టిందని తల్లులు తిట్టారు, పడ్డాను.

ఇక మా ఊరి ఎండ! వేసవి వార్తల్లో రెంటచింతల పేరు వినని తెలుగువాడు ఉండడు. కలిపిన మందుకు నాలుగు గంటలే ఆయుష్షు. ముగ్గురు పిల్లల కోసం సీసా విప్పి, మిగతాది పారబోసిన రోజులున్నాయి. ప్రాణం ఉసూరుమనేది.

ఆ మందు వెనకున్న ఓపిక తెలిశాక ఇంకానూ. ఆల్బర్ట్ కాల్మెట్, గెరాన్ కలిసి పశువుల క్షయ క్రిమిని పైత్యరసంలో ఉడికిన ఆలుగడ్డ ముక్కల మీద పెంచారు. మూడేసి వారాలకోసారి కొత్త ముక్క మీదికి మార్చారు. 1908 నుంచి 13 ఏళ్లు, 230 మార్లు! 1921లో తొలి బిడ్డకు నోట్లోనే పోశారు. మన మదనపల్లెకు 1948లో వచ్చింది. మిరప చేలో పాము కరిస్తే ఎక్కించే విరుగుడుకూ 1890ల్లో నాగుపాము విషంతో దారి వేసింది కాల్మెటే.

ఆయన అన్న గాస్టన్ పత్రికాయన, 'ల ఫిగారో' సంపాదకుడు. 1914లో ఓ మంత్రి భార్య ఆఫీసుకే వచ్చి కాల్చి చంపింది. అంతకు దాదాపు రెండొందల ఏళ్ల ముందు అదే ఇంటిపేరుతో జాన్ కాల్మెట్ అనే జెసూట్ పాద్రీ మన దక్షిణాదికి వచ్చాడు. సంస్కృతం నేర్చి, వేదాల ప్రతులు సంపాదించి పారిస్‌కు, రాజుగారి గ్రంథాలయానికి పంపాడు. 1740లో ఈ గడ్డ మీదే పోయాడు. మా ఊళ్లో కతోలిక కుటుంబాలు ఎక్కువే. టీకా కార్డు మీద బిడ్డ పేరు జోసెఫని రాసినా ముందు ఇంటిపేరు తాతలనాటిదే. అందుకేనేమో ఈ కాల్మెట్లూ నాకు పరాయిగా అనిపించరు.

మొన్న బస్టాండులో ఓ కుర్రాడు చొక్కా చెయ్యి పైకి మడిచి, "నువ్వేసిందేనంట నర్సమ్మా, మా అమ్మ చెప్పింది" అన్నాడు. మచ్చ ఉండాల్సిన చోటుకు రెండు వేళ్లు కిందకుంది. నా మొదటి నెలల్లోదే అయ్యుంటుంది.