బరువు తగ్గించే సూదిమందు పెన్నూ, దాని వెంట వచ్చే కాగితమూ

రాజమహేంద్రవరంలో పెన్ను అనగానే రత్నం పెన్ను జ్ఞాపకం వస్తుంది. స్వదేశీ ఉద్యమకాలంలో కె.వి. రత్నం గారు ఎబొనైటుతో చేతిపనిగా తయారుచేసిన ఆ కలం మహాత్మాగాంధీ చేతికి చేరింది. 1935లో ఆయన దానిని మెచ్చుకొంటూ జాబు కూడా వ్రాశారు. అట్టి పెన్నులో సిరా అయిపోతే సీసాలోనుండి మళ్ళీ నింపుకోవచ్చు. పాళీ ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. ప్రక్కవాడు సంతకానికి అడిగితే ఇచ్చి పుచ్చుకోవచ్చు. జేబులో పెట్టుకొని ఎండలో తిరిగినా దానికి నష్టం లేదు.

2025లో ఈ దేశంలో అమ్మకానికి వచ్చి, ఇప్పుడు గోదావరి జిల్లాల ఇళ్ళలోకి కూడా ప్రవేశించిన మరొక పెన్ను ఉన్నది. అది బరువు తగ్గించే సూదిమందు పెన్ను. పైన చెప్పిన నాలుగు అలవాట్లలో ఒక్కటైనా దానికి పనికిరాదు. పేరు పెట్టినవారిని నిందించి లాభం లేదు. ఇన్సులిన్ పెన్ను 1985 నుండీ లోకంలో ఉన్నది, ఆ పేరే దీనికీ వచ్చింది. కాని పేరు వెంట అలవాట్లు వస్తాయి. వాటిని మాన్పించవలసిన భారం పెట్టెలో మడిచి పెట్టిన సూచన పత్రానిది. ఆ కాగితం డెల్టా గ్రామంలోని ఒక ఇంట్లో ఆ పని ఎంతవరకు చేయగలదన్నదే ఇక్కడ పరిశీలించవలసిన విషయం.

ముందుగా మందును గూర్చి రెండు మాటలు. టిర్జెపటైడ్ అనే మందు మౌంజారో అనే పేరుతో 2025 మార్చిలో చిన్న సీసాలలోనూ, ఆగస్టులో పెన్నుగానూ వచ్చింది. సెమాగ్లుటైడ్ వెగోవి అనే పేరుతో అదే ఏడు జూన్‌లో పెన్నుగా వచ్చింది. భోజనం చేసినప్పుడు ప్రేగులలో పుట్టే జి.ఎల్.పి.-1 అనే హార్మోను ఆకలిని తగ్గిస్తుంది, జీర్ణాశయం ఖాళీ అయే వేగాన్ని తగ్గిస్తుంది. అయితే అది రక్తంలో రెండు నిమిషాలలోనే సగం నశిస్తుంది. అమెరికాలోని గిలా అనే విషపు బల్లి లాలాజలంలో అటువంటిదే, కాని ఎక్కువసేపు నిలిచే పదార్థం ఉన్నదని 1992లో జాన్ ఎంగ్ వెల్లడించారు. అక్కడినుండి సాగిన పరిశోధన ఫలితమే ఈ మందులు. సెమాగ్లుటైడ్ అణువుకు ఒక క్రొవ్వు ఆమ్లపు గొలుసు తగిలించారు. అది రక్తంలోని ఆల్బుమిన్‌ను పట్టుకొని ఉండిపోతుంది. అందువలన ఈ మందు సగానికి తగ్గటానికి దాదాపు ఒక వారం పడుతుంది.

సూచన పత్రంలో మెచ్చుకోవలసినది లేకపోలేదు. బొమ్మలు స్పష్టంగా ఉంటాయి. సూదిని ఎలా బిగించాలో, పొట్టమీద గాని తొడమీద గాని చర్మం క్రింద ఎలా గ్రుచ్చాలో చూచి నేర్చుకోవచ్చు. మీట నొక్కిన తరువాత సూదిని వెంటనే లాగరాదు. వెగోవి పెన్నులో గడిలో సున్న కనిపించిన తరువాత నెమ్మదిగా ఆరు లెక్కపెట్టవలె, మౌంజారో పెన్నులో అయిదు. మౌంజారోకు ప్రతిసారీ ముందుగా కొద్ది మందు బయటికి చిమ్మి గాలిని పోగొట్టవలె; వెగోవికి క్రొత్త పెన్ను మొదలుపెట్టేటప్పుడు చూస్తే చాలు. ఒక వారం మరచిపోతే వెగోవిని అయిదు రోజులలోపు, మౌంజారోను నాలుగు రోజులలోపు వేసుకోవచ్చు. అది దాటితే ఆ వారాన్ని వదలివేయవలసిందే. కనుక ఎదురింటివారి పెన్ను చూచి నేర్చుకొన్న పద్ధతి తన పెన్నుకు సరిపోతుందని ఎవరూ అనుకోరాదు. ఇంతవరకు కాగితం తన పని చేసింది.

చిక్కు వేరేచోట ఉన్నది. కాగితం ఆజ్ఞలు ఇస్తుంది, కారణాలు చెప్పదు. మొదటి నాలుగు వారాలు 0.25 మిల్లీగ్రాములు, తరువాత నాలుగు వారాలు 0.5, ఇలా మెట్లు ఎక్కవలెనని వెగోవి కాగితం చెబుతుంది. ఎందుకు? పదవ తరగతి విద్యార్థికి తెలిసిన గుణశ్రేఢి దీనికి సమాధానం. వారానికి సగం తగ్గే మందును వారం వారం వేస్తే ఒంటిలో నిలువ ఉండేది 1, తరువాత 1½, తరువాత 1¾, ఇలా పెరుగుతూ 2ను సమీపిస్తుంది. నాలుగవ సూదికి 1.875 రెట్లు అవుతుంది. అంటే 0.25 మిల్లీగ్రాములు వేసుకొనే మనిషి ఒంటిలో నెల తిరిగేసరికి దాదాపు 0.47 ఉంటుంది. రెండవ వారానికే "ఏమీ పనిచేయలేదు" అని మోతాదు పెంచినవాడు, మందు ఇంకా పూర్తిగా కూడకముందే పైమెట్టు ఎక్కుతున్నాడన్న మాట. పెళ్ళిముహూర్తం లోపల సన్నబడవలెనని తొందరపడేవారు చేసే పొరపాటు ఇదే. ఎక్కువైన మందును వెనుకకు తీసుకొనే ఉపాయం లేదు. వారాల తరబడి వాంతులూ విరేచనాలూ పట్టుకోవచ్చు. రోహిణీకార్తె ఎండలలో ఒంటిలోని నీరు అలా పోతే మూత్రపిండాలకు ముప్పు. ఒక్క చిన్న పట్టిక వేస్తే తేలిపోయే విషయాన్ని కాగితం వదలివేయటం పెద్ద లోపం.

ఇక వేడి సంగతి. విప్పని పెన్ను 2 నుండి 8 డిగ్రీల సెంటిగ్రేడు మధ్య ఫ్రిజ్జులో ఉండవలె. వాడుక మొదలుపెట్టిన తరువాత 30 డిగ్రీలకు మించని చోట మౌంజారో పెన్ను 30 రోజులు, వెగోవి పెన్ను 6 వారాలు నిలువ ఉంటుంది. ఈ మాట చల్లని దేశాలలో పుట్టినది. అక్కడ 30 డిగ్రీలు అంటే వేసవి మధ్యాహ్నం. డెల్టాలో మే నెల రాత్రి గదిలోనే 30 డిగ్రీలు ఉంటాయి. 2015 మే నెల వడగాలులు తెలిసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. 2022 జూలైలో ధవళేశ్వరం ఆనకట్ట వద్ద వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంక గ్రామాలు నీటి మధ్య చిక్కుకొన్న అట్టి రోజులలో ఫ్రిజ్జు ఒక బీరువా మాత్రమే. అప్పుడు ఏమి చేయాలో కాగితంలో లేదు.

వేడికి మందు ఒక్కసారిగా విషం కాదు. సెమాగ్లుటైడ్ 31 అమినో ఆమ్లాల గొలుసు, టిర్జెపటైడ్ 39 ఆమ్లాల గొలుసు; వేడి పెరిగినకొద్దీ ఆ గొలుసులు చెడిపోయే వేగం పెరుగుతుంది. పది డిగ్రీలకు చాల రసాయన చర్యల వేగం సుమారు రెండింతలవుతుందని పాఠశాలలో చెప్పే సూత్రమే ఇది. మందు బలం తగ్గుతుంది, చూపుకు మాత్రం తేటగానే ఉంటుంది. బలం తగ్గిన పెన్నుతో బరువు తగ్గలేదని వైద్యుడు మోతాదు పెంచితే, తరువాత చల్లగా భద్రపరచిన క్రొత్త పెన్ను పూర్తి బలంతో ఒక్కసారిగా మీద పడుతుంది.

చలి అంతకంటె మోసకారి. భీమవరం ప్రాంతంలో రొయ్యలను థర్మోకోలు పెట్టెలో పగులగొట్టిన ఐసుతో సర్దటం అందరికీ తెలిసిన విద్యే. మందునూ అలాగే సర్దాలని తోచటం సహజం. కాని ఐసును ఆనుకొన్న పెన్ను గడ్డకడుతుంది. నీరు ముందుగా స్ఫటికమై విడిపోతుంది, మిగిలిన కొద్ది ద్రవంలో మందు అణువులు చిక్కగా చేరి ముద్దకట్టవచ్చు. కరిగిన తరువాత పైకి ఏమీ తెలియకపోవచ్చు. "గడ్డకట్టిన పెన్నును వాడరాదు" అని కాగితం చెప్పి ఊరుకొన్నది. ఇక్కడ దానికంటె గ్రామంలోని ఆరోగ్య కార్యకర్త మెరుగు. టీకాల పెట్టెలో పెట్టే ఐసు పొట్లాన్ని ఆమె ఫ్రీజరునుండి తీసిన వెంటనే వాడదు. చెవి దగ్గర ఊపి, లోపల నీరు కదలిన చప్పుడు వినిపించేదాకా ఆగుతుంది. అప్పుడు దాని ఉష్ణోగ్రత సున్నకు దిగువన ఉండదు. ఫ్రిజ్జులో కూడ పైన ఫ్రీజరుకు ఆనుకొన్న అర పనికిరాదు, తలుపూ పనికిరాదు. మధ్య అర మేలు. గ్లాసెడు నీటిలో ప్రయోగశాల ఉష్ణమాపకాన్ని ఉంచి, రాత్రంతా ఆ అరలో పెట్టి, తెల్లవారి చూస్తే ఏ ఇంటి ఫ్రిజ్జు సంగతి ఆ ఇంటికి తెలుస్తుంది. ఉపాధ్యాయులు దీనిని విద్యార్థులకు ఇంటిపనిగా ఇవ్వవచ్చు. తడి ఇసుక పోసిన మట్టికుండలో, నీరు చొరని సంచిలో పెట్టే పాత పద్ధతి కూడ ఉన్నది. కాని సముద్రతీరపు ఉక్కపోతలో నీరు త్వరగా ఆవిరి కాదు, కనుక అక్కడ ఉష్ణమాపకం లేకుండా కుండను నమ్మరాదు.

నాలుగు వారాల సూదులు పూర్తయిన తరువాత కూడ మౌంజారో పెన్నులో కొంత ద్రవం మిగిలి ఉంటుంది. గాలిని పోగొట్టటానికని అదనంగా పోసిన భాగం అది. వేలకొద్దీ రూపాయలు పోసి కొన్నవానికి దానిని పారవేయటం ప్రాణం మీదికి వస్తుంది. సిరంజితో లాగి "అయిదవ సూది" వేసుకోవలెనని బుద్ధి పుడుతుంది. మోతాదు ఎంతో తెలియదు, రబ్బరు బిరడా ద్వారా క్రిములు చేరుతాయి. ఒకరి పెన్నును మరొకరు వాడటం ఇంకా ఘోరం. సూది మార్చినా లాభం లేదు. గ్రుచ్చినప్పుడు రక్తపు కణం వెనుకకు పోయి గొట్టంలో చేరగలదు, కామెర్ల వైరసులూ ఎయిడ్స్ వైరసూ ఆ దారినే వస్తాయి. భార్యాభర్తలకూ ఇదే నియమం. ఈ రెండు హెచ్చరికలూ కాగితంలో ఉన్నాయి; కాని చిన్న అక్షరాలలో, తలనొప్పి హెచ్చరికకు ఇచ్చినంత చోటే వీటికీ ఇచ్చారు.

అదే దాని రెండవ పెద్ద లోపం. ఏది ప్రాణాపాయమో, ఏది సర్దుకుపోయే బాధో ఆ వరుసలలో తెలియదు. వీపులోకి పాకే తీవ్రమైన కడుపునొప్పి వస్తే అది క్లోమం వాపు కావచ్చు, మరుసటి సూది ఆపి వెంటనే ఆసుపత్రికి పోవలె. గ్లిమెపిరైడ్ బిళ్ళలో ఇన్సులినో వాడే మధుమేహ రోగికి చక్కెర పడిపోయే భయం ఉన్నది. గర్భం దాల్చదలచినవారు వెగోవిని రెండు నెలల ముందే మానవలె. శస్త్రచికిత్సకు మత్తు ఇచ్చే వైద్యునికి ఈ మందు సంగతి తప్పక చెప్పవలె, ఎందుకంటే ఉపవాసం ఉన్నా కడుపులో ఆహారం మిగిలి ఉండవచ్చు. వంశంలో మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సరు ఉన్నవారికి ఇది తగదు. ఈ అయిదూ మొదటి పుటలో పెద్ద అక్షరాలలో ఉండదగినవి.

నకిలీల బెడద వేరు. 2023లో ఆస్ట్రియాలో నకిలీ పెన్ను వాడినవారు చక్కెర పడిపోయి ఆసుపత్రి పాలయ్యారు. లోపల ఉన్నది ఇన్సులిన్ అని అనుమానించారు. 2024 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నకిలీ సెమాగ్లుటైడ్‌ను గూర్చి దేశాలను హెచ్చరించింది. వైద్యుని చీటీ, దుకాణం రసీదు, పెట్టెమీది బ్యాచి నంబరు లేకుండా కొనరాదు.

కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. గోదావరి పల్లెలలో పెట్టె విప్పేది నాయనమ్మో తాతగారో అయినా, దానిని చదివి అర్థం చెప్పేది తరచు ఎనిమిదో తొమ్మిదో చదివే మనుమరాలు. అంటే ఆ ఇంటికి మందుల నిపుణురాలు ఆ పిల్లే. తాను అనువదించిన ఒక్క మాట తప్పితే ఏమవుతుందో ఆ వయసుకు తెలియదు. ఇంత ఖరీదైన మందుకు ఒక తెలుగు పత్రం అచ్చువేయించటం తయారీదారులకు భారమని ఎవరూ నమ్మరు.

చివరగా సూదులు. వాడిన సూదిని పెన్నుకే ఉంచితే మందు కారుతుంది, గాలి చేరుతుంది. కనుక ప్రతివారం ఒక సూది బయటికి వస్తుంది. "స్థానిక అధికారుల సూచనల ప్రకారం పారవేయండి" అంటుంది కాగితం. 2016 నాటి ఘనవ్యర్థాల నియమాలు ఇంటి సూదులను ప్రమాదకర వ్యర్థాలలో చేర్చి వేరుగా ఉంచమన్నాయి. కాని పంచాయతీ చెత్తబండిలో వాటికి వేరే అర కనిపించటం అరుదు. వట్టి చేతులతో చెత్తను వేరుచేసే మనిషి వేలికి ఆ సూది తగులుతుంది. గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మూతబిగించి, పైన తెలుగులో "వాడిన సూదులు" అని వ్రాసి, ముప్పాతిక నిండగానే దగ్గరి ఆసుపత్రిలో తీసుకుంటారేమో అడిగి అప్పగించటం ప్రస్తుతానికి సాధ్యమైన పని. ఆసుపత్రులు తమ సూదులను అందుకొరకే నియమించిన సంస్థలకు ఎలాగూ పంపుతున్నాయి.