ఇసుకలోని దినచర్య: స్టైన్ యాత్రాగ్రంథాలు

పురావస్తు శాస్త్రజ్ఞుల గ్రంథాలను సాహిత్యంగా చదివే అలవాటు తెలుగు పాఠకులలో తక్కువ. దొరికిన శాసనమేది, విగ్రహమేది అని వెదకి, ఆ పుటను గుర్తు పెట్టుకొని, తక్కినది విడిచిపెట్టడం పరిపాటి. ఆరెల్ స్టైన్ 1903లో ప్రకటించిన ‘శాండ్ బరీడ్ రూయిన్స్ ఆఫ్ ఖోతాన్’ను ఆ విధంగా చదివినవారు అందులోని మేలైన భాగాన్నే పోగొట్టుకొంటారు. భారత ప్రభుత్వ సహాయంతో స్టైన్ 1900 మే నెలాఖరున శ్రీనగరం నుండి బయలుదేరి, గిల్గిత్, హూంజాల మీదుగా కాష్గర్ చేరి, ఆ శీతకాలమంతా తక్లమకాన్ ఎడారిలో శిథిలాలు త్రవ్వించినాడు. ఆ పుస్తకానికి ప్రాణం దొరికిన వస్తువులలో లేదు. అవి దొరికేవరకు మనుషులు ఏ నీరు త్రాగినారు, ఏ విధంగా నిద్రించినారు, దేనికి భయపడినారు అన్న వృత్తాంతంలో ఉన్నది.

ఎడారి అనగానే మన కవులకు మండుటెండ, ఎండమావి స్ఫురిస్తవి. స్టైన్ వర్ణించినది గడ్డకట్టిన ఎడారి. శీతకాలాన్ని ఎన్నుకొనడానికి కారణం కేవలం గృహస్థు ఎరిగిన కారణమే: నీరు మంచుగడ్డగా మారితే దానిని మూటగట్టి మోయవచ్చును. 1906 డిసెంబరులో, రెండవ యాత్రలో, లౌలాన్ శిథిలాలకు పోయినప్పుడు యాబదిమంది కూలీలకు కావలసిన నీరు మంచురూపంలోనే వెళ్ళినది. మంచు ఎన్నాళ్ళకు సరిపోవునో అన్నాళ్ళే త్రవ్వకం. చరిత్ర పరిశోధనకు గడువు పెట్టినది పండితుడు కాదు, నీటిమూట.

దందాన్ ఒయిలిక్ రాత్రులను వర్ణించిన పుటలు మరింత బాగున్నవి. చలికి గుడారంలో కలం సాగదు. పడుకొన్నవాడు తల నిండ ఉన్నికోటు కప్పుకొని, దాని చేతిలోనుండి ఊపిరి పీల్చవలసి వచ్చెను. పెంపుడు కుక్కకు కూడ కాశ్మీరులో కుట్టించిన చిన్న కోటు ఉన్నది. ఇట్టి చోట్ల స్టైన్ వచనం పొట్టి వాక్యాలతో, పనిముట్టువలె నడుస్తుంది. తన ఆరాధ్యుడైన హ్యూయన్ త్సాంగ్ పేరు ఎత్తగానే మాత్రం వాక్యం బరువెక్కి, భక్తి పరిశోధనను కప్పివేస్తుంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో కాశీయాత్ర చేసి మజిలీ మజిలీకి నీటివసతిని, అంగళ్ళను, దారి స్థితిని గుర్తించినాడు. ఆ చూపు తరువాతి మన యాత్రారచయితలలో చాలమందికి అబ్బలేదు. ఆలయాల కొలతలు మిగిలినవి, అన్నం వండిన పొయ్యి మిగలలేదు.

1901 జనవరిలో నియా వద్ద జరిగిన సంగతి ఏ కథకునికైనా ఈర్ష్య పుట్టించును. ఇబ్రహీం అనే గ్రామస్థుడు అంతకు ఒక సంవత్సరం ముందు నిధికోసం పోయి, ఒక పాడుబడిన ఇంట చెక్క పలకలు చూచినాడు. పనికిరానివని కొన్నిటిని దారిలో పారవేసి, కొన్నిటిని పిల్లలకు ఆడుకొనడానికి ఇచ్చినాడు. పిల్లలు పాడుచేసినవి పోగా, మిగిలినవాటి జాడ పట్టి వెళ్ళగా దొరికినవే ఖరోష్ఠీ లిపిలో, ప్రాకృతంలో వ్రాసిన పలకలు. వాటిలో ఉన్నది మహాకావ్యం కాదు. ఒంటెల కాపలా, నీటి తగాదా, పన్ను బకాయి. పచ్చని చెట్టును మొదలంట నరికితే గుర్రం, కొమ్మ నరికితే ఆవు జరిమానా అని ఒక ఆజ్ఞ. 1940లో వీటిని ఆంగ్లీకరించిన టి. బరో పండితుడే 1961లో ఎమెనోతో కలసి ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువును వెలువరించినాడు. తెలుగు మాటల పుట్టుక వెదకేవారికి ఆ పేరు క్రొత్తది కాదు. ఎడారి ఇంటివారి దినచర్యను ఎడారికి వచ్చినవారి దినచర్య ప్రక్కన నిలిపినది ఈ అధ్యాయం. గ్రంథం మొత్తానికి ఇదే శిఖరం.

అయితే ఇన్ని వివరాలు చెప్పిన రచయిత కొన్నింటి ముందు కన్ను దించినాడు. కూలీలు ఎడారికి రావడానికి జంకినారని, చలికి, దయ్యాలకు భయపడినారని ఆయనే వ్రాసినాడు. అధికారుల ఆజ్ఞతో వారు కదలినారనీ వ్రాసినాడు. ఆ భయం ఆయన కలంలో నవ్వు పుట్టించే విషయమై పోయినది. బలవంతం కూడ దినచర్యలో భాగమే కదా! 1907లో తున్‌హ్వాంగ్ గుహల వద్ద వాంగ్ అనే సన్యాసికి కొద్ది వెండి ఇచ్చి వ్రాతప్రతుల మూటలు తరలించిన ఘట్టాన్ని 1912 నాటి ‘రూయిన్స్ ఆఫ్ డెసర్ట్ కాథే’లో ఆయన నాటకీయంగా, ఒకింత వినోదంగా నడిపినాడు. చీనా పాఠకునికి అది దోపిడీ కథ. ఆ యాత్రల వస్తువులలో ఒక భాగం నేడు ఢిల్లీ జాతీయ మ్యూజియంలో ఉన్నందున, భారతీయ పాఠకుడు కూడ ఆ పుటలను తీరికగా నవ్వుతూ చదువజాలడు.

ఆ గ్రంథంలోనే నాయక్ రామ్‌సింగ్ వృత్తాంతం ఉన్నది. బెంగాల్ సాపర్స్ దళానికి చెందిన ఈ వడ్రంగి మీరాన్ కుడ్యచిత్రాలను ఊడదీసే పనిలో ఉండగా ఒక కన్ను, పిదప రెండవ కన్ను పోయినవి. చూపు లేకున్నను తన వంట తానే చేసుకొన బూనినాడని స్టైన్ వ్రాసినాడు. అక్కడ హ్యూయన్ త్సాంగ్ లేడు, ఉపమానం లేదు. నిప్పు, గిన్నె, తడుముకొనే చేతులు ఉన్నవి.