ఫత్వా వాఙ్మయమున భర్తృవార్త యెరుగని స్త్రీ : థానవీ కృతియగు 'అల్ హీలతున్ నాజిజహ్' పరిశీలనము

నేటి తెలుగు పత్రికాభాషలో 'ఫత్వా' అను పదమునకు శాసనమనియు, బెదరింపనియు అర్థము స్థిరపడినది. ఒక రాజకీయపక్ష నాయకుడు తన అనుచరుల నోరు మూయించినను, ఒక కులపెద్ద యెవరినో వెలివేసినను 'ఫత్వా జారీ చేసె'నని వ్రాయుచున్నారు. అన్యభాషాపదములు మన భాషలోనికి వచ్చునపుడు అర్థము మారుట అపూర్వము గాదు. కాని యీ మార్పువలన ఒక విశాలమగు గద్యవాఙ్మయము మన పరిశోధకుల దృష్టికి రాకుండ పోయినది. ఫత్వా యనగా ఆజ్ఞ గాదు, ప్రత్యుత్తరము. అడిగినవాడు లేనిచో ఫత్వా లేదు. ముఫ్తీ చెప్పునది శాస్త్రాభిప్రాయము. ఖాజీ చెప్పునది తీర్పు. మొదటిదానిని అనుసరించుటయు మానుటయు అడిగినవాని అంతఃకరణమునకు విడువబడినవి. 2014వ సంవత్సరమున సుప్రీంకోర్టు ఫత్వాకు చట్టబలము లేదని ప్రకటించినపుడు కొందరది నూతనవిషయమని తలచిరి. ముఫ్తీల శాస్త్రము ఈ భేదమును శతాబ్దములుగ పాటించుచునే యున్నది.

ఈ వాఙ్మయమునకు రూపమొకటి కలదు. ప్రశ్నపత్రమునకు 'ఇస్తిఫ్తా' యని పేరు. ఫలానా విషయమున ధర్మవేత్తలు ఏమి సెలవిత్తురని వినయముగ ఆరంభమగును. వ్యక్తుల నిజనామము లుండవు. పురుషుడు జైద్, రెండవవాడు అమ్ర్ లేక బక్ర్, స్త్రీ హింద. మన వైయాకరణుల దేవదత్త యజ్ఞదత్తులకు వీరు సరిజోడు. ఉత్తరము 'సత్యము దేవుడే బాగుగ నెరుగు'నను భావముగల అరబ్బీ వాక్యముతో ముగియును. నడుమ వచ్చు విషయములకు మితి లేదు: పొలముగట్టున నున్న నూతిలో పిల్లి పడినచో ఆ నీరు శుద్ధమగునా, రైలుబండిలో నమాజు ఎట్లు చేయవలెను, స్త్రీ ధరించు బంగారమునకు జకాత్ కలదా, అప్పునకు కుదువబెట్టిన పొలము ఫలమెవ్వరిది. 1866లో స్థాపితమైన దేవబందు విద్యాలయమునందును, మన హైదరాబాదులోని జామియా నిజామియాయందును ఇట్టి ప్రశ్నలకు ప్రత్యుత్తరము లిచ్చుటకు ప్రత్యేక శాఖలు కలవు.

తెలుగున ధర్మశాస్త్రమును కావ్యభాషలోనికి తెచ్చిన కేతన 'విజ్ఞానేశ్వరము'ను దీనితో పోల్చి చూడవచ్చును. ఆచార వ్యవహార ప్రాయశ్చిత్తములు మూడును అందున్నవి. విధి యున్నది, నిషేధ మున్నది. విధిని అడుగ వచ్చిన మనుష్యుడు మాత్రము లేడు. ఫత్వాసంపుటములలో ఆ మనుష్యుడు వాకిట నిలిచి యుండును. ఎంత ముసుగు కప్పినను జైద్ యొక్క కోపము, హింద యొక్క ఆకలి ప్రశ్నలో కొంచెము కొంచెముగ బయటపడుచుండును. ఈ వాఙ్మయమునకు సాహిత్యగౌరవ మీయవలెనన్నచో అది ఉత్తరములలోని పాండిత్యమునకంటె ప్రశ్నలలోని జీవితమునకే చెల్లవలెనని మా అభిప్రాయము.

ఇట్టి ప్రశ్నలలో మిక్కిలి బాధాకరమైనది భర్త యెచటికో పోయి జాడ తెలియని స్త్రీ ప్రశ్న. శాస్త్రపరిభాషలో ఆ భర్త 'మఫ్ఖూదుల్ ఖబర్', అనగా వార్త లేనివాడు. భారతదేశమున అధికసంఖ్యాకులగు ముస్లిములు అనుసరించు హనఫీ సంప్రదాయమున, అతని యీడువారందరు గతించు వరకు అతడు జీవించి యున్నట్లే భావింపవలెను. ఒక ప్రసిద్ధమతము ప్రకారము అది అతనికి 90 సంవత్సరములు నిండు కాలము. ముప్పదియేండ్ల వాడు ఇల్లు విడిచి పోయినచో ఇరువదియేండ్ల భార్య తన ఎనుబదవ యేట పునర్వివాహమున కర్హురాలగును! ఈ నియమము క్రౌర్యముతో పుట్టినది గాదు. జీవించియున్న వాని ఆస్తిని, సంసారమును ఇతరులు పంచుకొనరాదను జాగ్రత్త దానికి మూలము. కాని పరోక్షముననున్న పురుషునికి చూపిన ఆ జాగ్రత్త ఎదుటనున్న స్త్రీకి సంకెల యైనది.

సంకెల త్రెంచుటకు ఆ స్త్రీలలో కొందరు, ముఖ్యముగ పంజాబు ప్రాంతమున, ఒక మార్గము కనుగొనిరి. మతము విడిచినచో వివాహము తనంతట తాను రద్దగునని హనఫీ గ్రంథములలో నున్నది; ఆంగ్లప్రభుత్వ న్యాయస్థానములు దానిని అంగీకరించినవి. మతముపై విరక్తి లేకున్నను భర్తనుండి విముక్తికై వారు మతము విడిచిరి. దుర్గమమైన కోటకు ఒక్కటియే ద్వారముండి, అదియు ఊరి వెలుపలికే తెరచుకొనుచుండినదన్న మాట.

ఈ స్థితిలో వెలువడినది మౌలానా అష్రఫ్ అలీ థానవీ గ్రంథము. ఈయన 1863లో జన్మించి 1943లో గతించెను. స్త్రీలకై ఉర్దూలో రచించిన 'బిహిష్తీ జేవర్' వలన ఇంటింట తెలిసినవాడు. 1930 తరువాతి తొలి సంవత్సరములలో ప్రకటితమైన ఈ గ్రంథము పూర్తిపేరు 'అల్ హీలతున్ నాజిజతు లిల్ హలీలతిల్ ఆజిజహ్'. నిస్సహాయయగు భార్యకు ఫలించు ఉపాయమని భావము. నాజిజ, ఆజిజ శబ్దముల అంత్యప్రాస, హీల, హలీల శబ్దముల సామ్యము గమనింపదగినవి. పండితుడు శాస్త్రగ్రంథమునకు పేరు పెట్టునపుడును చెవికి విందు చేయక మానడు! 'హీల' పదమును తంత్రమనియో కపటమనియో తెలిగించుట పొరపాటు. శాస్త్రము నుల్లంఘింపక శాస్త్రములోనుండియే దారి వెదకుట దాని పారిభాషికార్థము.

థానవీ వెదకిన దారి మాలికీ సంప్రదాయమునందున్నది. దాని ప్రకారము స్త్రీ న్యాయాధికారి నాశ్రయింపవలెను; ఆయన విచారించి జాడ దొరకదని తేల్చిన పిమ్మట 4 సంవత్సరములు గడువిచ్చును; అదియు గడచినచో ఆమె వితంతువు పాటించు 4 మాసముల 10 దినముల 'ఇద్దత్' పూర్తిచేసి వివాహమాడవచ్చును. అవసరము తీవ్రమైనపుడు అన్యసంప్రదాయము నాశ్రయింపవచ్చునని హనఫీ పండితులును అంగీకరింతురు. కాని అచ్చటినుండి సౌలభ్యము మాత్రము గైకొని నిబంధనలు విడుచుటకు వీలులేదు. అందుచే ఆయన మదీనాలోని మాలికీ పండితులకు ప్రశ్నలు పంపి, వారి ఉత్తరములు తెప్పించి, దేవబందు, సహారన్‌పూరు విద్వాంసులతో సంప్రదించెను. జగత్ప్రసిద్ధుడైన ముఫ్తీ తానే ప్రశ్నపత్రము వ్రాసి అన్యుల వాకిట నిలుచుట ఈ గ్రంథమునందలి విశేషము. మాకు మిక్కిలి నచ్చిన ఘట్టమిదియే.

మరియొక చిక్కు కలదు. ఆంగ్లప్రభుత్వము 1864 నాటి చట్టముతో న్యాయస్థానములలోని పండిత ముఫ్తీల పదవులను తొలగించినది. ముస్లిమగు న్యాయాధికారి లేని చోట ఎవరి నాశ్రయింపవలెను? మాలికీ గ్రంథముల ననుసరించి, ధర్మపరులగు ముస్లిముల పంచాయతీ ఆ పని చేయవచ్చునని థానవీ నిర్ణయించెను. వివాహసమయముననే విడాకుల అధికారమును నిబంధనలతో భార్యకు వ్రాసి యిచ్చుట మేలని సూచించెను. మతత్యాగముచే భార్య వివాహము రద్దుకాదను మతాంతరమును స్వీకరించెను. ద్వారము మూసివేయుటయు, క్రొత్తద్వారము తెరచుటయు ఒక్క గ్రంథమునందే జరిగినవి.

ఇచట విమర్శకుడు అడుగవలసిన ప్రశ్న యున్నది. థానవీని కదలించినది స్త్రీల బాధయా, వారి మతత్యాగమా? గ్రంథమున రెండును కనబడును. రెండవదానికే వేగ మెక్కువ. ఆకలిగొన్న స్త్రీలు అంతకు పూర్వమును ఎన్నియో తరములుగ నుండిరి. ఆమె నోరు విప్పినంత కాలము దొరకని ఉపాయము ఆమె గడప దాటిన వెనుక దొరకినది. ఈ దోషము థానవీ ఒక్కనిది గాదు. కాని గ్రంథమును ప్రశంసించువారు దీనిని మరుగుపరచుట న్యాయము గాదు. శైలివిషయమునను ఒక కొరత కలదు. ప్రశ్నలు పండితుని చేతిలో పడి శాస్త్రసమస్యలుగ మారిపోయినవి. అరబ్బీ పదముల బరువున హింద కంఠము వినరాదు. సామాన్య ఫత్వాసంపుటములలో నుండు పచ్చిదనము ఇందు లేదు.

అయినను దీనిని తేలికగ తీసివేయరాదు. తెలుగువారికి ఇట్టి ప్రయత్నము తెలియనిది గాదు. ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు 1855లో పరాశరస్మృతి నాధారముగ గొని వితంతువివాహమును సమర్థించెను. 1856లో చట్టము వచ్చెను. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు తొలి వివాహము జరిపించిరి. ఆ స్మృతివాక్యము స్త్రీకి అన్యపతిని అనుమతించు ఐదు ఆపదలలో భర్త జాడలేకుండుటను తొలుతనే లెక్కించుట మనవారు అంతగ గమనింపలేదు. విద్యాసాగరునికి యుగధర్మము ఆధారము: కలియుగమునకు పరాశరుడే ప్రమాణమని ఆయన వాదము. థానవీకి ఆవశ్యకత ఆధారము. ఒకరు కాలమును మార్చిరి, వేరొకరు సంప్రదాయమును మార్చిరి. శాస్త్రమును విడువమని ఇరువురును చెప్పలేదు. అందుచేతనే విద్యాసాగరుని సంస్కర్తయనియు, థానవీని ఛాందసుడనియు విభజించు అలవాటు మాకు సమ్మతము గాదు.

థానవీ గ్రంథము ప్రభావమున రూపొందినది 1939 నాటి ముస్లిం వివాహరద్దు చట్టము. భర్త జాడ 4 సంవత్సరములు తెలియకున్నను, 2 సంవత్సరములు పోషింపకున్నను స్త్రీ న్యాయస్థానమున విడుదల కోరవచ్చును. మతత్యాగము తనంతట వివాహమును రద్దుచేయదనియు అందున్నది. న్యాయాధికారి ముస్లిమై యుండవలెనని పండితులు కోరిన నిబంధన మాత్రము శాసనసభలో నిలువలేదు. దానితో చట్టము వారికి సగము పరాయిదైనది. స్త్రీకి మాత్రము పూర్తిగ పనికివచ్చినది; నేటికిని అమలునం దున్నది.

ఈ గ్రంథమును తెలుగులోనికి తేబూనువారికి ఒక మాట. జాడలేని వాని భార్యను 'ప్రోషితభర్తృక' యని అనువదింపవలెనని తోచవచ్చును. ఆ పదము మన అలంకారశాస్త్రమున అష్టవిధనాయికలలో ఒకతెకు చెందినది. ఆమె భర్త దేశాంతరమునందున్నాడు, వచ్చును. ఆమె నిరీక్షణ శృంగారమునకు అంగము. మఫ్ఖూద్ భార్యకు విరహము లేదు, దూతిక లేదు, మేఘసందేశము లేదు. బిడ్డలకు జొన్నలు కావలెను, తనకు తోడు కావలెను, ముందుగ ఆమె వితంతువో సుమంగళియో ఎవరైన చెప్పవలెను. 'జాడలేని వాని భార్య' యని తేటతెలుగున వ్రాసినచో చాలును.