తనకు సరిపడు అల

నస్రుల్లాబాదునుండి బాన్సువాడ మీదుగా నిజాంసాగరము గట్టునకు పోయి, గాలి లేచువేళ మంజీరజలములను కొంతసేపు నిలిచి చూచినవారికి, గాలి తాఁకినచోట నీరు గరుకై నల్లబడుటయు, తాఁకనిచోట అద్దమువలె ఆకాశమును చూపుటయు కానవచ్చును. 1923లో ఆరంభమై 1931లో ముగిసిన యా కట్టడము వెనుక నీటిపై అగపడు నీ చిన్న భేదమే, కదలెడి కడలిపై రాడారు తరంగము లెట్లు చెదరునో లెక్కగట్టు శాస్త్రమునకు మూలము.

నున్నని నీటిపై ఏటవాలుగా పడిన తరంగము ఆవలివైపునకే పరావర్తనమొంది పోవును. పంపినవానికి ఏమియు తిరిగిరాదు. గరుకైన నీరు మాత్రమే దానిని నలుదెసల చెదరగొట్టి, అందొక స్వల్పాంశమును వెనుకకు పంపును. దీనికే పరిక్షేపణమని పేరు. అయితే వ్రేలెడు ముడుతలు మొదలు వందల మీటర్ల దీర్ఘతరంగములవఱకు అన్ని కొలతల అలలును ఒకదానిపై నొకటి పరుగిడుచుండు సముద్రమున, ఆ సన్నని ప్రతిధ్వనిని ఏ అల పంపినదో చెప్పుట యెట్లు?

1955లో న్యూజీలండునందు క్రోంబీ అను శాస్త్రజ్ఞుఁడు 13.56 మెగాహెర్ట్జుల తరంగములను సముద్రముపైకి పంపి, తిరిగివచ్చినవాని పౌనఃపున్యము సెకనుకు 0.38 ఆవృత్తులమేర మాఱుట చూచి, అంతటి మార్పు కలిగించు వేగముతో నడచునది రాడారు తరంగదైర్ఘ్యములో సగము పొడవుగల, అనఁగా 11 మీటర్ల, అలయే యని గ్రహించెను. కోలాటమున కోల లన్నియు ఒక్క తాళమున పడినపుడు వీధి దద్దరిల్లును. ఒక్కొక్కటి ఒక్కొక్కవేళ పడినచో ఆ సద్దు చెదరిపోవును. అట్లే, సగము పొడవుగల అలల శిఖరములనుండి వచ్చు ప్రతిధ్వనులు మాత్రమే పోవురాకల దూరము కలిసి ఒక పూర్తి తరంగమంత తేడాతో వచ్చి యేకతాళమగును. తక్కినవి తమలో తామే అణఁగిపోవును. స్ఫటికములపై ఎక్స్‌కిరణముల నడవడికి బ్రాగ్ చెప్పిన నియమమే యిది.

దీని ప్రయోజనమును ఆంధ్రతీరమునందే చూడవచ్చును. మచిలీపట్నమునను యానామునను నిలిపిన రాడారులు సుమారు 68 మీటర్ల తరంగములతో 34 మీటర్ల అలను వెదకును. లోతైన నీట అల వేగమును దాని పొడవే నిర్ణయించును గనుక, ఈ అల సెకనుకు 7.3 మీటర్లు నడవవలెనని ముందే చెప్పవచ్చును. కొలతలో తేడా కనఁబడినచో ఆ తేడా అలది కాదు, అలను మోయు ప్రవాహముది. ప్రవాహము సెకనుకు 30 సెంటీమీటర్లైనచో పౌనఃపున్యములో కలుగు మార్పు 0.009 హెర్ట్జు మాత్రమే. దానిని పట్టుటకు రెండు నిమిషములైనను ఓపికతో వినవలయును. ఒక్క రాడారు తనవైపు వచ్చుటను, పోవుటను మాత్రమే చెప్పఁగలదు కావున, దిక్కు తేలుటకు రెండవది కావలయును. సముద్రపు అలజడినుండి ఒక్క అలను పిలిచి, దానిచేత నదృశ్యప్రవాహమును చెప్పించు నీ యుపాయముకంటె సుందరమైనది భౌతికశాస్త్రమున నాకు మిక్కిలి అరుదుగా తోఁచును.

ఉపగ్రహములలోని రాడారుల తరంగములు మఱింత కుఱుచవి. 2009 సెప్టెంబరు 23న ఎగసిన ఓషన్‌శాట్-2లోని గాలిని కొలుచు స్కాటరోమీటరుకు, 2016లోని స్కాట్‌శాట్-1కిని తరంగదైర్ఘ్యము 2.2 సెంటీమీటర్లుగ నుండెను; పైనుండి ఏటవాలుగా చూచుటచేత వానికి సరిపడు అల సగముకంటె కొంత హెచ్చై, సుమారు ఒకటిన్నర సెంటీమీటరు ముడుత. ఆ ముడుతలు పెద్ద అలల వీఁపుపై ఎక్కి, వానితో వంగుచు నడచును. 1968లో రైట్ ప్రతిపాదించిన ద్విపరిమాణ నమూనా యిదియే: చిన్న అల ప్రతిధ్వనిని పుట్టించును, పెద్ద అల దాని వాలును మార్చును. గాలి హెచ్చిన ముడుత హెచ్చును; గాలికి అభిముఖముగ చూచినపుడు ప్రతిధ్వని బలము, అడ్డముగ చూచినపుడు దుర్బలము. అందుచేతనే ఒకేచోటును వేర్వేరు దిశలనుండి చూచి గాలి దిక్కును తేల్చెదరు.

నమూనాకు లొంగనివియు కలవు. విఱిగిపడు అలలు, మిక్కిలి పల్లపు చూపున, సిద్ధాంతము చెప్పినదానికంటె హెచ్చు ప్రతిధ్వనిని అకస్మాత్తుగ పంపును. గాఢవర్షము ఈ కుఱుచ తరంగములను మ్రింగును. తుపాను నడిబొడ్డున గాలి యెంత పెరిగినను ప్రతిధ్వని అంతగా పెరుగదు. మనకు కొలత అత్యవసరమైన చోటనే యిది సంకటము, కావున ఆచట పనిచేయువారు ఇతరసాధనములను జతచేసికొందురు.

సముద్రమునకు ఎంతో దూరమైన హైదరాబాదులో, 1999లో స్థాపితమైన ఇన్‌కాయిస్ సంస్థ బెస్తలకు అలల, ప్రవాహముల సూచన లిచ్చుచున్నది. లోతట్టు పల్లెవారికి దీనితో నేమి పని యని కొందఱడుగుదురు. జ్యేష్ఠమాసమున అరేబియా కడలిపై ఆ ఒకటిన్నర సెంటీమీటరు ముడుతలను లేపుచు వచ్చు నైరృతి గాలియే గదా, కొన్నిదినములకు మేఘములతో ఈ దిక్కునకు వచ్చి మంజీరను నింపునది.